‘ఫైల్ టూ లార్జ్’ అంటే ఏది పెద్దదని?

తాతయ్య, నాయనమ్మ కలిసి దిగిన నలుపు తెలుపు ఫోటో ఇంట్లో ఒక్కటే మిగిలిందనుకోండి. దాన్ని హాల్లో గోడకు పెట్టుకునేంత పెద్దదిగా కాన్వాస్ మీద వేయించాలి. ఇదివరకైతే స్టూడియోలో ఇచ్చేసి వారం తర్వాత వెళ్లి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు స్కాన్ చేసి, ప్రింటింగ్ సైట్‌లోకి ఎక్కించి, డబ్బు కట్టేస్తే ఇంటికే వస్తుంది. తీరా ఎక్కించబోతే ఎర్ర అక్షరాల్లో ‘ఫైల్ టూ లార్జ్’ అంటుంది. సరేనని నెట్‌లో దొరికిన ఏదో కంప్రెసర్‌లో వేసి చిన్నది చేసి తెస్తే, ఈసారి ‘లో రిజల్యూషన్’ అంటుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఒకసారి పెద్దదని, ఇంకోసారి చిన్నదని అదే సైట్ ఎలా అంటుందని చిరాకు పడటం సహజమే. కానీ అది కొలిచింది రెండు వేర్వేరు సంగతులు. మొదటిసారి కొలిచింది ఎంబీలు, అంటే ఫైల్ బరువు. రెండోసారి కొలిచింది పిక్సెళ్లు, అంటే ఫోటోలో ఉన్న రంగు చుక్కల సంఖ్య. ఎంబీలు తగ్గించమంటే మనం పిక్సెళ్లు కోసేస్తున్నాం. ఈ రెంటినీ విడదీసి చూస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ముందు మన ఫోటో లెక్క చూద్దాం. 8×10 అంగుళాల పాత ఫోటో. మంచి క్వాలిటీ రావాలని స్కానర్‌లో ఉన్న పెద్ద అంకెలన్నీ ఎంచుకున్నాం: 1200 డీపీఐ, 48-బిట్ కలర్, టిఫ్ ఫైల్ (మామూలుగా ఫోటోను కుదించకుండా దాచే రకం). 1200 డీపీఐ అంటే అంగుళానికి 1200 పిక్సెళ్లు. అంటే 9,600 × 12,000, మొత్తం 11.52 కోట్ల పిక్సెళ్లు. 48-బిట్‌లో ఒక్కో పిక్సెల్‌కు 6 బైట్లు పడతాయి కాబట్టి ఫైల్ దాదాపు 691 ఎంబీ. స్కానర్‌లో 24-బిట్ పెట్టి ఉంటే పిక్సెల్‌కు 3 బైట్లే, అంటే 346 ఎంబీ. ఒక్క పిక్సెల్ కూడా పోకుండా సైజు సగానికి సగం దిగిపోయింది. నలుపు తెలుపు ఫోటో కాబట్టి గ్రేస్కేల్‌లో తీసి ఉంటే పిక్సెల్‌కు ఒక్క బైటే, 115 ఎంబీ. అయితే పాత ఫోటోలకు ఉండే ఆ లేత గోధుమ రంగు ఛాయ పోతుంది. నాకైతే అది పోగొట్టుకోవడం ఇష్టం ఉండదు.

ఆ 691 ఎంబీని జేపెగ్‌గా (ఫోటోను కుదించి దాచే రకం), వందకు 90 క్వాలిటీతో సేవ్ చేస్తే పదుల ఎంబీలకు దిగుతుంది. పిక్సెళ్లు మాత్రం అవే 11.52 కోట్లు. ఎంబీ అంకె చూసి ఫోటో ఎంత బాగుందో చెప్పలేమని ఇందుకే అంటారు. 600 ఎంబీల టిఫ్, 40 ఎంబీల జేపెగ్ గోడ మీద పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. అదే 40 ఎంబీల జేపెగ్‌కు, దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపాక వచ్చిన దానికి మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎర్రర్ ఎప్పుడు వచ్చిందో చూడండి

సైట్లు చూపించే ఎర్రర్ వాక్యాల్ని నమ్మి లాభం లేదు. లోపల ఏం జరిగినా చాలా సైట్లు ఒకటే మాట అంటాయి. వాక్యం కంటే అది వచ్చిన సమయం ఎక్కువ చెబుతుంది.

ఫైల్ ఎంచుకున్న మరుక్షణమే, బార్ కదలకముందే ఎర్రర్ వస్తే అది మీ బ్రౌజర్‌లోనే జరిగిన తనిఖీ. సైట్ పెట్టిన ఎంబీ హద్దు దాటారు, లేదా ఫైల్ రకం దానికి పడలేదు. ఐఫోన్‌లో 2017 నుంచి, అంటే ఐఓఎస్ 11 నుంచి, ఫోటోలు హైక్ రకంలో సేవ్ అవుతున్నాయి. దాన్ని తీసుకోని ప్రింటింగ్ సైట్లు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటప్పుడు సైజు ఎంత తగ్గించినా ప్రయోజనం ఉండదు, జేపెగ్‌లోకి మార్చుకోవాలి.

ఎంబీ హద్దు దగ్గర ఇంకో చిన్న మెలిక ఉంది. 5 కోట్ల 20 లక్షల బైట్ల ఫైల్‌ను విండోస్ 49.6 ఎంబీ అని చూపిస్తుంది, మ్యాక్ 52 ఎంబీ అని చూపిస్తుంది. విండోస్ 1024 చొప్పున భాగిస్తుంది, మ్యాక్ 1000 చొప్పున. ‘50 ఎంబీ లోపు’ అన్న సైట్ ఏ లెక్క వేస్తోందో మనకు తెలియదు. అంచు దాకా వెళ్లకుండా 45 దగ్గరే ఆగితే ఈ తలనొప్పి ఉండదు.

బార్ కొంత కదిలి ఆగిపోయిందంటే, లేదా ఎక్కడో 413 అనే అంకె కనబడిందంటే, అడ్డుకున్నది వెబ్ సర్వర్. చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే అది 1 ఎంబీ దాటిన అప్‌లోడ్‌ను ఒప్పుకోదు. సైట్లు రాసే పీహెచ్‌పీ భాష అయితే ఒక్కో ఫైల్‌కు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ. సైట్ల ముందు కాపలా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ సేవ ఉచిత ప్లాన్ వెనక ఉన్న సైట్ అయితే 100 ఎంబీ. ఇవన్నీ పెంచుకోగల అంకెలే (క్లౌడ్‌ఫ్లేర్‌కు మాత్రం డబ్బు కట్టాలి). కాబట్టి ఒక చిన్న ప్రింటింగ్ సైట్ 8 ఎంబీ దగ్గర మొరాయిస్తోందంటే, వాళ్ల ప్రింటర్ అంతకంటే పెద్ద ఫైల్ తీసుకోలేదని కాదు. సైట్ కట్టిన అబ్బాయి ఆ అంకె మార్చడం మర్చిపోయి ఉండొచ్చు. అలాంటి చోట ఫోటోను నరుక్కునే ముందు ఒక ఫోన్ కొట్టి, లింక్ పంపితే తీసుకుంటారా అని అడగడం మంచిది. చాలావరకు తీసుకుంటారు.

నెట్ వల్ల ఆగిపోయేవి కూడా ఈ కోవలోకే వస్తాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో పెద్ద అక్షరాలతో రాసేది డౌన్‌లోడ్ వేగం. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్లు, 8 బిట్లయితే ఒక బైట్) ఉంటే మన 691 ఎంబీల ఫైల్ ఎక్కడానికి 18 నిమిషాలు దాటుతుంది. అంతసేపు ఏ అంతరాయం లేకుండా సైట్ ఎదురుచూడాలి, మధ్యలో లాగిన్ గడువు తీరిపోకూడదు, కరెంటు పోకూడదు.

ఇక మూడో రకం. బార్ 100 శాతానికి వెళ్లిపోతుంది, చక్రం తిరుగుతూ ఉంటుంది, తర్వాత ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’. జనాన్ని ఎక్కువగా ఏడిపించేది ఇదే. ఎందుకంటే ఫైల్ 30 ఎంబీలే ఉంటుంది, సైట్ హద్దు 100 ఎంబీ అని ఉంటుంది, అయినా తీసుకోదు.

జేపెగ్ వడియం లాంటిది. డబ్బాలో కొంచెం చోటే పడుతుంది, నూనెలో వేస్తే పొంగి బాణలి నిండిపోతుంది. డిస్క్ మీద 30 ఎంబీలున్న ఫోటోను సర్వర్ తెరవగానే ప్రతి పిక్సెల్‌కూ 3 బైట్ల చొప్పున మెమరీలో చోటు కావాలి. మన ఫోటోకైతే 346 ఎంబీలు. పైగా కొన్ని కిలోబైట్ల ఫైల్ పంపి, తెరిచాక గిగాబైట్లకు ఉబ్బేలా చేసి సర్వర్లను పడగొట్టే కంత్రీ పనులు కూడా ఉన్నాయి. అందుకే ఫోటోల్ని తెరిచే సాఫ్ట్‌వేర్లు ఎంబీలతో సంబంధం లేకుండా పిక్సెళ్లకే హద్దు పెట్టుకుంటాయి. పైథాన్‌లో రాసిన సైట్లు ఎక్కువగా వాడే పిల్లో లైబ్రరీ సుమారు 8.9 కోట్ల పిక్సెళ్లు దాటితే హెచ్చరిస్తుంది, 17.9 కోట్లు దాటితే తెరవనే తెరవదు. ఉబుంటు సర్వర్లలో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సెట్టింగ్‌లో ఒక పక్క 16,000 పిక్సెళ్లు మించకూడదన్న నియమం చాలాకాలంగా ఉంది.

ఇప్పుడు శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రాను తీసుకోండి. 200 మెగాపిక్సెల్ మోడ్‌లో అది తీసే ఫోటో 16,320 × 12,240, అంటే దాదాపు 20 కోట్ల పిక్సెళ్లు. పైన చెప్పిన రెండు హద్దులూ ఒకే దెబ్బతో దాటేసింది. ఫైల్ మాత్రం పదుల ఎంబీలే. ఇలాంటప్పుడు జేపెగ్ క్వాలిటీని 95 నుంచి 60కి దించి ఎంబీలు తగ్గిస్తే ఫోటో పాడవుతుంది తప్ప ఎర్రర్ పోదు. ఇక్కడ తగ్గించాల్సినవి నిజంగానే పిక్సెళ్లు.

ఫోన్‌లోంచి ఆర్డర్ పెట్టేవాళ్లకు ఇంకో గండం. సైట్‌లో ఫోటోను జరిపి, కత్తిరించి చూసుకునే చోట బ్రౌజర్ కాన్వాస్ అనే దాన్ని వాడుతుంది (ప్రింటయ్యే బట్ట కాదు, తెర మీద బొమ్మ గీసే చోటు). ఐఫోన్ సఫారీ పాత వెర్షన్లలో దానికి సుమారు 1.67 కోట్ల పిక్సెళ్ల హద్దు ఉండటం వల్ల, అంతకు మించిన ఫోటో పెడితే ప్రివ్యూ తెల్లగా మిగిలిపోవచ్చు. అదే ఆర్డర్‌ను కంప్యూటర్‌లోంచి పెట్టి చూడండి, ఫోటోను ముట్టుకోనక్కర్లేకుండా పని అయిపోవచ్చు.

మరి ఎన్ని పిక్సెళ్లు కావాలి?

ఎక్కడ ఆగాలో తెలియకపోతే తగ్గించడం గుడ్డిగా సాగుతుంది. ‘ప్రింట్ అంటే 300 డీపీఐ’ అని అందరూ వినే ఉంటారు. ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడాను పట్టుకోగలదు. అడుగు దూరంలో పట్టుకుని చూస్తే అది అంగుళానికి సుమారు 286 చుక్కలకు సమానం. పుస్తకం, ఆల్బమ్ చేతిలో పట్టుకుని చూస్తాం కాబట్టి 300 అన్నది స్థిరపడింది. పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీట్‌కు 10,800 × 3,600 పిక్సెళ్లు అడగడం ఈ లెక్కనే, సబబే.

దూరం పెరిగితే అవసరం అదే నిష్పత్తిలో పడిపోతుంది. 3,438ని దూరం అంగుళాలతో భాగిస్తే చాలు. మూడడుగుల దూరానికి 95. పదడుగులకు 29. గోడ మీద కాన్వాస్‌ను మూడు నాలుగడుగుల నుంచి చూస్తాం, చుట్టాలొచ్చినప్పుడు దగ్గరకెళ్లి వేలు పెట్టి ఇది ఎవరు, అది ఎవరు అని చెబుతాం. ఆ కాస్త మార్జిన్ కలుపుకుని 150 నుంచి 200 ఉంటే హాయిగా సరిపోతుంది. కాన్వాస్ బట్టకు నేత గరుకు ఉంటుంది కాబట్టి అంతకు మించిన సూక్ష్మం అందులో ఎలాగూ దిగదు.

మన తాతయ్య ఫోటోకు వద్దాం. 24×30 అంగుళాల కాన్వాస్, అంగుళానికి 200 అంటే 4,800 × 6,000. మొత్తం 2.88 కోట్ల పిక్సెళ్లు. అంటే అసలు ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే ఖచ్చితంగా సరిపోయేది. పాత స్టూడియో ప్రింట్లలో అంతకు మించిన వివరం ఉండటం అరుదు. 1200 పెడితే అదనంగా వచ్చేది కాగితపు గరుకు, దుమ్ము, గీతలు. 24-బిట్‌లో, 90 క్వాలిటీ జేపెగ్‌గా సేవ్ చేస్తే ఇది పది ఎంబీల అటూ ఇటూగా వస్తుంది. 691 నుంచి పదికి దిగాం. గోడ మీద పోయిందేమీ లేదు.

తగ్గించడంలో ఒక వరుస పాటిస్తే నష్టం ఉండదు. ముందు కనబడని బరువు దించండి. లేయర్లుంటే ఫ్లాటెన్ చేయండి (అన్నిటినీ ఒకే పొరగా కలపండి), 16-బిట్‌ను 8-బిట్ చేయండి, మాస్కుల కోసం చేసిన అదనపు ఛానెళ్లు తీసేయండి. ఫోటోలను పీఎన్‌జీలో పంపకండి. లోగోలకు అది బాగుంటుంది కానీ ఫోటోలకు జేపెగ్ కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఫోటోషాప్‌లో ఏళ్ల తరబడి ఒకే ఫైల్‌లో పాతవి తీసి కొత్తవి అతికిస్తూ పోతే, ఎక్కడెక్కడి నుంచి ఏమేం తెచ్చి అతికించామో ఆ జాబితా మెటాడేటాలో (ఫోటోతో పాటు ఫైల్‌లో దాగి ఉండే వివరాల్లో) పోగుపడుతుంది. ఒక్కోసారి ఫోటో కంటే ఆ జాబితాయే బరువు. ‘సేవ్ యాజ్’ బదులు ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ వాడితే అది వదిలిపోతుంది. టిఫ్‌లోనే పంపమని ప్రింటర్ పట్టుబడితే జిప్ కంప్రెషన్ పెట్టండి. 16-బిట్ ఫోటోలకు ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే ఇంకో కంప్రెషన్ పెడితే ఫైల్ తగ్గకపోగా కొన్నిసార్లు పెరుగుతుంది.

ఆ తర్వాత జేపెగ్ క్వాలిటీ. ఫోటోషాప్‌లో ఈ కొలత 12 దాకానే ఉంటుంది, దాన్ని 12 నుంచి 10కి దించితే సైజు తరచూ సగానికి దగ్గరగా పడుతుంది, కంటికి తేడా తెలియదు. 100 శాతం జూమ్‌లో పెట్టి ముఖాలు, కళ్ల చుట్టూ, ఖాళీ ఆకాశం చూడండి. జేపెగ్ ఫోటోను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి కుదిస్తుంది, కుదింపు మితిమీరితే ఆ గడులు నున్నటి చోట్ల ముందు బయటపడతాయి. మామూలు కంప్యూటర్ మానిటర్ అంగుళానికి వంద పిక్సెళ్ల దగ్గర చూపిస్తుంది కాబట్టి, 200లో ప్రింటయ్యే ఫోటో మీకు తెర మీద రెట్టింపు సైజులో కనిపిస్తోంది. అక్కడే కనబడని లోపం గోడ మీద కనబడదు. ఒకే జేపెగ్‌ను పదే పదే తెరిచి సేవ్ చేయడం మాత్రం వద్దు, ప్రతిసారీ కొంత అరుగుతుంది. అసలు టిఫ్‌ను దాచుకుని ఎప్పుడు కావాలన్నా దాంట్లోంచే కొత్త జేపెగ్ తీయండి.

పిక్సెళ్లను కోయడం చిట్టచివరి మెట్టు, అది కూడా పైన వేసుకున్న లెక్క దాకానే. నెట్‌లో ఉచితంగా దొరికే కంప్రెసర్లతో నాకున్న పేచీ ఇదే. చాలావాటిలో క్వాలిటీ, పిక్సెళ్లు రెండూ చెప్పాపెట్టకుండా తగ్గిపోతాయి. పైగా ఇంట్లోవాళ్ల ఫోటోలు ఎవరి సర్వర్‌కు వెళ్తున్నాయో తెలియదు. ఇర్ఫాన్‌వ్యూ, జింప్ లాంటివి ఉచితమే, మీ కంప్యూటర్‌లోనే పని చేస్తాయి. ఏది వాడినా ముందు, తర్వాత ప్రాపర్టీస్‌లో పిక్సెళ్ల కొలత చూసుకోండి.

డీపీఐ గడితో జాగ్రత్త. ఫోటోషాప్ ఇమేజ్ సైజ్‌లో ‘రీశాంపుల్’ టిక్ తీసేసి 72ని 300 చేస్తే ఫైల్‌లో ఒక చిన్న చీటీ మారుతుంది, అంతే. పిక్సెళ్లు చెక్కుచెదరవు. టిక్ ఉంచి అదే పని చేస్తే పిక్సెళ్లు 17 రెట్లు పెరుగుతాయి. కొత్తగా వివరం ఏమీ రాదు, ఉన్నదాన్ని సాగదీయడమే. ‘లో రిజల్యూషన్’ అన్నారని ఇలా 300 చేసి, ఫైల్ 17 రెట్లు ఉబ్బి, మళ్లీ ‘ఫైల్ టూ లార్జ్’ దగ్గరికి చేరినవాళ్లు ఎందరో. ప్రింటర్ మీద రాసి ఉండే 1440 డీపీఐ అన్నది సిరా చుక్కల లెక్క, దానికీ మీ ఫోటో పిక్సెళ్లకూ ముడి పెట్టకండి.

ఫ్లెక్సీల సంగతి

పుట్టినరోజుకైనా, గృహప్రవేశానికైనా, నాయకుడి రాకకైనా ఫ్లెక్సీ లేని సెంటర్ మన ఊళ్లలో లేదు. ఈ హద్దులన్నీ ఒకేసారి ఎదురయ్యేది అక్కడే. 12×8 అడుగుల ఫ్లెక్సీని 300 డీపీఐతో మొదలుపెడితే 43,200 × 28,800, అంటే 124 కోట్ల పిక్సెళ్లు. ప్రింటింగ్ రంగులు నాలుగు, పిక్సెల్‌కు 4 బైట్లు, దాదాపు 5 జీబీ. ఇక సైట్ దాకా వెళ్లనే వెళ్లదు. ఫోటోషాప్ సొంత రకమైన పీఎస్‌డీ ఫైల్ ఒక పక్క 30,000 పిక్సెళ్లు, మొత్తం 2 జీబీ దాటనివ్వదు, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీలోకి మారాలి. మామూలు టిఫ్ 4 జీబీ దగ్గర ఆగుతుంది. జేపెగ్ ఒక పక్క 65,535 దాకా ఒప్పుకుంటుంది కానీ తెరిచే యంత్రం ఎక్కడ దొరుకుతుంది? అదే 72 డీపీఐతో చేస్తే 10,368 × 6,912, ఏడు కోట్ల చిల్లర. పదడుగుల దూరానికి 29 చాలన్న లెక్క గుర్తుంచుకుంటే 72 కూడా ఉదారంగా ఇచ్చినట్టే.

పీడీఎఫ్‌లో పంపేవాళ్లు పొడవు చూసుకోవాలి. మామూలు పీడీఎఫ్ పేజీ 200 అంగుళాలు మించదు, అంటే 16 అడుగుల 8 అంగుళాలు. 20×10 అడుగుల బ్యానర్ అందులో పట్టదు. అందుకే డిజైనర్లు పదో వంతు కొలతకు, 24×12 అంగుళాలకు చేసి, స్కేల్ ఇంత అని రాసి పంపుతారు. ఇక్కడ ఒక భ్రమ ఉంది. స్కేల్ తగ్గించినంత మాత్రాన ఫైల్ తేలిక కాదు. పదో వంతులో 720 డీపీఐ పెడితే అసలు కొలతలో 72 పెట్టినన్ని పిక్సెళ్లే. పదో వంతులో 300 పెడితే అసలులో 30 వస్తుంది. రోడ్డు మీద వేలాడేదానికి అది చాలు, ఫంక్షన్ హాల్ గుమ్మంలో జనం పక్కన నిలబడి సెల్ఫీలు దిగేదానికి చాలదు.

అక్షరాలను ఫోటోలో కలిపేయకండి. ‘శుభాకాంక్షలు’ అన్న మాటను వెక్టర్‌గా, అంటే పిక్సెళ్లతో కాకుండా గీతల లెక్కగా ఉంచితే పీడీఎఫ్‌లో అది కొన్ని కిలోబైట్లు, పదడుగులకు సాగదీసినా అంచు పదునుగానే ఉంటుంది. జేపెగ్‌లో కలిపేస్తే అక్షరాల చుట్టూ మరకలు పడతాయి, వాటిని తప్పించడానికి పిక్సెళ్లు పెంచుతూ పోతాం. తెలుగుకు ఇంకో జాగ్రత్త కావాలి. అను ఫాంట్లతో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) చేసినదాన్ని ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్ తెలుగును పాత ఫోటోషాప్‌లో తెరిస్తే వత్తులు విడిపోతాయి. పంపే ముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని వెక్టర్ గీతల్లోకి మార్చేస్తే రెండు బాధలూ ఉండవు.

ఫ్లెక్సీలో కూర్చునే మనిషి ముఖం మాత్రం ఎప్పుడూ వాట్సాప్‌లోనే వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు నాన్న షష్టిపూర్తి ఫ్లెక్సీకి పంపే ఫోటో అయినా అంతే. వాట్సాప్ మామూలుగా ఫోటో పొడవును 1,600 పిక్సెళ్ల దగ్గరికి దించేస్తుంది. దాన్ని నాలుగడుగుల ముఖంగా సాగదీస్తే అంగుళానికి 33 మిగులుతుంది. అదే ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపితే ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు చేరుస్తుంది, 2 జీబీ దాకా పంపొచ్చు. జీమెయిల్‌లో 25 ఎంబీ అన్నారు కదా అని 24 ఎంబీ జత చేస్తే నేరుగా వెళ్లకపోవచ్చు. మెయిల్‌లో వెళ్లేటప్పుడు ఫైల్ మూడో వంతు ఉబ్బుతుంది, కాబట్టి 18 దాకా నిశ్చింత. అంతకు మించితే డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వడం, లింక్ తెరిచే అనుమతి ఇచ్చామో లేదో చూసుకోవడం. షాపు మీ ఊళ్లోనే ఉంటే ఇవేవీ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి, వాళ్ల కంప్యూటర్‌లో అక్షరాలు సరిగ్గా వచ్చాయో లేదో అక్కడే నిలబడి చూసుకుని రావచ్చు.